మండపేటకి ఈత వచ్చని చెప్పిందెవరు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఈ రోజు సినిమా హాల్లో ఎవరి మొహం కనబడగానే జనం నవ్వడం మొదలుపెడతారో, ఆ నటుడికి మొదటి వేషం ఇప్పించింది నేను. ఇప్పించానంటే సిఫార్సు చేశాననుకునేరు. సిఫార్సు చేసే నోరు నాకెక్కడిది? ఒక అబద్ధం ఆడాను, అంతే. అది కూడా అతను పైకి రావాలన్న మంచి మనసుతో కాదు, ఫోను తొందరగా పెట్టేయాలన్న భయంతో. ఆ రాత్రి డైరీలో ఈ సంగతి పెన్సిలుతో రాసుకున్నాను. అవసరమైతే చెరిపేయవచ్చని. (మిగతా డైరీ అంతా పెన్నుతోనే ఉంటుంది. చదివిన పుస్తకాలు, పడిన వానలు, ఎవరితోనూ అనలేకపోయిన జవాబులు.)

ఆ రోజుల్లో ఫోను వీధికి ఒకటుంటే గొప్ప. మిగిలినవాళ్ళంతా దరఖాస్తుల్లో, ఉత్తరాల్లో, ఆఖరికి పెళ్ళి సంబంధాల కాగితాల్లో కూడా ఆ ఒక్క నంబరే రాసి, పక్కన 'పి.పి.' అని రెండక్షరాలు పెట్టేవారు. ఆ అక్షరాలకి అసలు విస్తరణ ఏమిటో రాసేవాళ్ళలో చాలామందికి తెలియదు. ఫోను మాది కాదు, ఎత్తినవాళ్ళు కేకేసి పిలుస్తారు అని మాత్రం అందరికీ తెలుసు. రాజమండ్రిలో మా వీధికి ఆ కేకేసే మనిషిని నేను. మా బాబాయికి ఎస్‌టీడీ బూత్ ఉండేది. "డిగ్రీ ప్రైవేటుగా కడుతున్నావు కదమ్మా, ఇంట్లో చదువుకునేది ఇక్కడ కూర్చుని చదువుకో" అని ఒకరోజు కూర్చోబెట్టి, మళ్ళీ లేపడం మర్చిపోయాడు. నాకు పందొమ్మిదేళ్ళు. కేకెయ్యడం నా వల్ల కాలేదు. ఎవరికి ఫోను వస్తే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి, వాళ్ళు నన్ను చూసేదాకా మాట్లాడకుండా నిలబడేదాన్ని. కొన్నాళ్ళకి వీధంతా అలవాటు పడిపోయింది. "అదిగో, బూత్ అమ్మాయి నిలబడింది, మీకేనండీ ఫోను" అని పక్కవాళ్ళే కేకేసేవారు.

మా ఎదురుగా బట్టల కొట్టు. అందులో సేల్స్‌మన్‌గా ఉండేవాడు ఒకతను. మండపేట నుంచి వచ్చాడు కాబట్టి అందరూ 'మండపేట' అనే పిలిచేవారు. అతను చీర మడత విప్పుతూ పెళ్ళికూతురి తల్లిలా, పెళ్ళికొడుకు మేనత్తలా, బేరం కుదరని ముసలమ్మలా మాట్లాడుతుంటే కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మర్చిపోయి కూర్చునేవారు. "నవ్వించడానికి కాదయ్యా నీకు జీతం" అని యజమాని అరిచేవాడు గానీ, ఆయన కూడా లోపలికి వెళ్ళి నవ్వుకునేవాడు. మండపేట నాటకాల పోటీలకి వెళ్ళేవాడు. ఫోటోలు తీయించుకుని హైదరాబాదులో సినిమా ఆఫీసులకి పంపేవాడు. ఫోటో వెనకాల మా బూత్ నంబరు రాసి, పి.పి. పెట్టేవాడు. రోజూ మధ్యాహ్నం భోజనానికి వెళుతూ బూత్ ముందు ఆగి, "నాకేమైనా వచ్చిందాండీ?" అని అడిగేవాడు. నేను అడ్డంగా తల ఊపేదాన్ని. రెండేళ్ళపాటు మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ మొత్తం ఇదే.

ఆ రోజు అతను కొట్టులో లేడు, సరుకు కోసం యజమానితో విజయవాడ వెళ్ళాడు. బాబాయి బ్యాంకుకి వెళ్ళాడు. ఫోను మోగింది. అవతల ఒక పెద్ద గొంతు. సినిమా ఆఫీసు నుంచట. ఫలానా ఫోటో అబ్బాయి ఉన్నాడా అని అడిగింది. ఊళ్ళో లేడని చెప్పాను. అంతటితో పెట్టేస్తారనుకున్నాను.

"నీకు తెలుసా ఆ అబ్బాయి?"

"ఆయ్, తెలుసండి."

"పడవ నడిపేవాడి వేషం. చిన్నదే. అతనికి ఈత వచ్చా?"

తెలియదండి అనాలి. ఆ ఒక్క మాట అంటే, "ఎవరైనా తెలిసినవాళ్ళని పిలువు" అంటారు. పిలవాలంటే కేకెయ్యాలి. లేదా రోడ్డు దాటి కొట్టులో అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి, మండపేటకి ఈత వచ్చాండీ అని అడగాలి. ఇదంతా ఒక్క క్షణంలో నా కళ్ళముందు తిరిగింది.

"వచ్చండి" అన్నాను.

"బాగా వచ్చా?"

"బాగా అండి."

"సరేలే, గోదావరి పిల్లాణ్ణి పట్టుకుని ఈత వచ్చా అని అడగడం నాదే తప్పు" అని ఆ గొంతు నవ్వింది. "పది రోజుల్లో షూటింగు. తొమ్మిదో రోజుకల్లా ఇక్కడుండమను. ఇంకో ఇద్దరిని అడిగాం, ఈత రాదన్నారు. ఇతన్ని ఖాయం చేసేస్తున్నాం."

మర్నాడు నేను కొట్టు గుమ్మంలో నిలబడ్డాను. మండపేట నన్ను చూశాడు, చేతిలో చీర జారిపోయింది. విషయం చెప్పాను. (వేషం గురించి, తేదీ గురించి. ఈత గురించి కాదు.) అతను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. యజమాని వచ్చి, "ఇది నిజం ఏడుపా, నీ యాక్షనా?" అని అడిగి, నిజమేనని తేలాక వీధంతటికీ కాజాలు పంచాడు. నాకొకటి ఇచ్చారు. తినలేకపోయాను. సాయంత్రం చీరలు మడతపెడుతూ మండపేట పక్కవాడితో అంటున్న మాట రోడ్డు దాటి నాకు వినబడింది. "పడవ అంటేనే కొంచెం గుండె దడగా ఉందిరా. నాకు జలగండం ఉంది కదా."

ఆ రాత్రి నాకు నిద్రలేదు. మూడు రోజులు మాట బయటకి రాలేదు. నాలుగోరోజు అతను ఎప్పటిలా ఆగినప్పుడు, "వాళ్ళు ఈత కూడా వచ్చి ఉండాలన్నారండి" అని టెలిఫోను డైరెక్టరీని చూస్తూ చెప్పాను. వచ్చని చెప్పింది నేనేనని మాత్రం అనలేదు.

అతని మొహం తెల్లబోయింది. "అయ్యబాబోయ్! నాకు పాతికేళ్ళు నిండేదాకా జలగండమండీ. ఇంకా పది నెలలుంది. నేను పుట్టాక మా అమ్మ నన్ను నూతిలోకి తొంగిచూడనివ్వలేదు. పుష్కరాలప్పుడు ఊరంతా గోదాట్లో మునుగుతుంటే, నాకు మాత్రం బిందెతో ఒడ్డుకి తెప్పించి నెత్తిమీద పోసిందండీ" అన్నాడు. తరవాత కాసేపు ఆలోచించి, "అబద్ధం ఎందుకండీ, ఫోను కలపండి. నాకు రాదని చెప్పేస్తాను. పాపం వాళ్ళు ఇంకెవరినైనా చూసుకుంటారు" అన్నాడు.

అతను ఆ మాట అంటే వేషం పోతుంది. రెండేళ్ళు అడ్డంగా ఊపిన తల నాకు గుర్తొచ్చింది. పైగా అవతలివాళ్ళు "వచ్చని చెప్పిందిగా ఆ అమ్మాయి" అంటారు. నేను నంబరు తిప్పుతూ, రిసీవరు పెట్టే చోట ఉన్న మీటని వేలితో నొక్కి పట్టుకుని, "లైను కలవట్లేదండి" అన్నాను. మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ నొక్కాను. నాలుగుసార్లు తిప్పించాడు. (వేలు నొప్పెట్టింది. అబద్ధం ఒకసారి ఆడితే చాలదని, దాన్ని అలా నొక్కిపట్టుకుని కూర్చోవాలని అప్పుడే తెలిసింది.) అయిదోసారి తిప్పమనేలోగా నా నోటినుంచి దానంతట అదే వచ్చింది, "నేర్చుకోకూడదాండీ?"

నేర్పేవాళ్ళు ఎవరంటే, మా వీధికి రోజూ చేపల తట్టతో వచ్చే మామ్మ. రేవు పక్కన గుడిసెల్లో ఉండేది. మాట్లాడటానికి నాకు భయంలేని మనుషులు ముగ్గురో నలుగురో ఉంటే, అందులో ఆమె ఒకతె. ఎందుకంటే ఎదుటివాళ్ళ వంతు మాటలు కూడా ఆమే మాట్లాడేసేది.

"ఈతేగా పాపగోరూ! మా పిల్లలు నడక రాకముందే ఈదేత్తారు. ఎన్నాళ్ళుంది టైము?"

"అయిదు రోజులు మామ్మా."

"అయిదు రోజులెందుకమ్మా, సేపపిల్లకి పూట సాలు."

"ఇతను చేపపిల్ల కాదు మామ్మా, మండపేట."

కార్తీకమాసం కావడం నా అదృష్టం. తెల్లవారకుండా రేవుకి వెళ్ళి దీపం వదిలివస్తానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. పైగా నాకు భక్తి పుట్టిందని మా అమ్మ పిన్నికి ఉత్తరం కూడా రాసింది. నేను చేతిలో పుస్తకం పట్టుకుని పైమెట్టు మీద కూర్చునేదాన్ని. అతను మునిగిపోతే కేకెయ్యాల్సింది నేనే కదా అని ఆ అయిదు రోజులూ మనసులో కేక సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. మామ్మ కచ్చ బిగించి నడుంలోతు నీళ్ళలో నిలబడింది. మండపేట వీపుకి రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టింది. అతను కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, కాళ్ళూ చేతులూ ఒకేసారి కొట్టడం మొదలుపెట్టాడు.

"నీళ్ళని అలా బాదకయ్యా! నీమీద వాటికేం కోపం లేదు" అని మామ్మ అరిచేది. "పొట్ట ఒదులు సెయ్యి! ఊపిరి బిగబట్టకు! ఓలమ్మో, నా మెడ ఒదిలి పెట్టు, నన్ను ముంచేత్తున్నాడు ఈడు!"

అసలు గొడవ దీపాల దగ్గర వచ్చింది. ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలోకి వదులుతుంటే, మండపేట కొట్టిన దెబ్బకి లేచిన అల వాటిమీదకి పోయి, ఒక్కసారిగా పాతిక దీపాలు ఆరిపోయాయి. ఒడ్డంతా గగ్గోలు. "ఎవరండీ బాబూ ఈ మనిషి! మూడొందల అరవై అయిదు ఒత్తులు కూర్చుని చుట్టానండీ, ఒక్క తోపుతో ఏడాదంతా ఆర్పేశాడు!" అని ఒకావిడ ఏడుపు లంకించుకుంది. మండపేటకి మర్యాద ఎక్కువ. మునుగుతూనే రెండు చేతులూ జోడించి, "క్షమించండమ్మా" అన్నాడు. చేతులు జోడించాడు కాబట్టి మునిగాడు. తేలాడు. ఇంకో ఆవిడ కనబడింది. "క్షమించండమ్మా." మళ్ళీ మునిగాడు. అలా ఒడ్డునున్న అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకుంటూ గోదావరి సగం తాగేశాడు. తిట్టడానికి నోరు తెరిచినవాళ్ళంతా నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే భయపడ్డాను. ఆ మునిగేది నా అబద్ధం వల్ల కదా.

అయిదోరోజుకి బుర్రలు లేకుండా నాలుగు బారలు ఈదాడు. అయిదో బారకి మామ్మ పట్టుకోవాల్సి వచ్చింది. "నాలుగు బారల తరవాత ఎవరో ఒకళ్ళు పట్టుకుంటార్లే" అని మామ్మ ఆశీర్వదించింది. అతను వెళ్ళేరోజు స్టేషనుకి బాబాయీ, కొట్టు యజమానీ వెళ్ళారు. నేను బూత్‌లో కూర్చుని, రైలు గోదావరి వంతెన మీదకి ఎక్కే సమయానికి, అతను కళ్ళు మూసుకుని ఉంటాడు అనుకున్నాను. నిజం చెప్పడానికి ఆఖరి అవకాశం అది. వంతెన దాటిపోయింది.

తరవాత సంగతి మీకందరికీ తెలిసిందే. సినిమాలో పడవ నడిపేవాడు హీరో కోసం నీళ్ళలోకి దూకాలి. దూకాడు. నాలుగు బారలు ఈదాడు. అయిదో బారకి అలవాటు ప్రకారం కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, కనబడ్డ ప్రతి మనిషికీ దణ్ణం పెట్టి, "క్షమించండమ్మా" అంటూ మునగడం మొదలుపెట్టాడు. కెమెరా ఆపడం ఎవరికీ గుర్తులేదట. ఆ ముక్క అలాగే సినిమాలో ఉంచేశారు. మా ఊరి హాల్లో నేను ఆ సన్నివేశం చూస్తున్నప్పుడు జనం కుర్చీల్లోంచి లేచి నవ్వుతున్నారు. మా వరసలో చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే. అతను బతికే ఉన్నాడని తెలిసి కూడా. సంక్రాంతికి ముందు విడుదలైన ఆ సినిమా తరవాత, వీధుల్లో ఎవరు ఎవరి కాలు తొక్కినా "క్షమించండమ్మా" అనడమే.

అప్పటినుంచి మా వీధి మారిపోయింది. కొట్టు యజమాని, "నవ్వించడం నేనే నేర్పానండి" అని చెప్పుకునేవాడు. బాబాయి బూత్‌లో అతని ఫోటో కట్టించి, మొదటి ఫోను తానే ఎత్తినట్టు చెప్పి చెప్పి, చివరికి నాతో కూడా చెప్పాడు. ఆ కార్తీకంలో రేవులో ఆరిపోయిన దీపాలు మా దీపాలేనని చెప్పుకున్న ఆడవాళ్ళని లెక్కేస్తే గోదావరి ఒడ్డు పోలవరం దాకా చాలదు. చేపల మామ్మని అడిగితే మాత్రం, "మునిగేవోణ్ణి తేల్చాను. తరవాత ఆడెంత ఎత్తుకెళితే నాకేటి" అనేది.

ఇంతలో టీవీలో అతని ఇంటర్వ్యూ వచ్చింది. మొదటి వేషం ఎలా వచ్చిందని అడిగారు. అతను కుర్చీలో ముందుకి వంగి, "ఫోనులో అడిగారండి, ఈత వచ్చా అని. నాకు నీళ్ళంటేనే భయం. అయినా వచ్చండి అనేశాను. బాగా వచ్చా అన్నారు. బాగా అండి అన్నాను" అని చెప్పాడు. నేను చదువుతున్న పుస్తకం మూసేశాను. అవి నా మాటలు. సినిమా ఆఫీసువాళ్ళు తరవాత అతనితో చెప్పి ఉంటారు, బూత్ అమ్మాయి ఇలా అన్నదని. నన్ను బయటపెట్టకుండా, నా తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఎంత పెద్ద మనసు! ఆ రాత్రి డైరీలో నాలుగు పేజీలు రాశాను. (పెన్నుతోనే. అలా త్యాగం చేసేవాళ్ళు పుస్తకాల్లోనే కాక మన ఎదురు కొట్టులో కూడా ఉంటారని ఎన్నో ఉపమానాలతో.) ప్రతి ఇంటర్వ్యూలోనూ అతను అదే కథ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా నాకు అతని ఋణం ఇంకొంచెం పెరిగినట్టుండేది. ఎప్పటికైనా ఎదురుపడితే, తెలుసండీ, మీరు నాకోసం చేసింది నాకు తెలుసు అని చెప్పాలి. అంతవరకూ నాకు మనశ్శాంతి లేదనుకున్నాను.

పదేళ్ళు గడిచాయి. ఎదురుగా ఉన్న కొట్టు మూడంతస్తుల షోరూమైంది. దాని ప్రారంభానికి రిబ్బను కత్తిరించడానికి మండపేట వస్తున్నాడు. మా బూత్ అప్పటికి జిరాక్సు, సెల్ రీఛార్జిల కొట్టుగా మారింది. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. (మాట్లాడరాదు అని గోడల మీద రాసి ఉండే చోట నాకు ఉద్యోగం దొరకడం దైవసంకల్పం.) ఆ రోజు సెలవు పెట్టి, పాత డైరీని చేతిసంచిలో వేసుకుని, బాబాయి కొట్టుకి వచ్చి కూర్చున్నాను. పెన్సిలు రాత మాసిపోయిందేమోనని బస్సులో రెండుసార్లు తీసి చూసుకున్నాను. మాసిపోలేదు.

రిబ్బను అయ్యాక, జనాన్ని తోసుకుంటూ అతనే రోడ్డు దాటి మా కొట్టులోకి వచ్చాడు. లావయ్యాడు. జుట్టు కొంచెం పోయింది. మర్యాద మాత్రం అలాగే ఉంది. "బాబాయిగారూ, బాగున్నారాండీ? కాఫీ ఇప్పించండి, అయిదు నిమిషాలు కూర్చుంటాను" అని నా వైపు తిరిగి, "ఇంకా చదువుతూనే ఉన్నారాండీ?" అన్నాడు. బాబాయి కాఫీకి పరిగెత్తాడు. ఉన్నది అయిదు నిమిషాలు. పదేళ్ళుగా కూర్చుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయి, ఒక్కటే మిగిలింది.

"ఆ రోజు ఫోనులో అబద్ధం ఆడింది నేనండీ. మీకు ఈత వచ్చని."

అతను నవ్వలేదు. అర్థంకానట్టు చూశాడు. "అదేంటండీ? ఫోను ఎత్తింది నేనే కదా. మీరప్పుడు లోపల భోజనం చేస్తున్నారు. ఆ ఎర్ర ఫోనుండేది చూడండి, ఇదిగో ఇక్కడ, ఇలా నిలబడి మాట్లాడాను" అని నిలబడి చూపించాడు కూడా. మా ఫోను నల్లది. నేను అతని కళ్ళలోకి చూశాను. పదేళ్ళలో అతని నటన అంతా చూసినదాన్ని. ఇందులో నటన లేదు. త్యాగమూ లేదు. అన్నిసార్లు చెప్పగా చెప్పగా అది నిజంగానే అతనిదైపోయింది. నా నాలుగు పేజీల ఉపమానాలు నా మీదే కూలిపోయినట్టయింది.

చెయ్యి సంచిలోకి వెళ్ళింది. డైరీ వేళ్ళకి తగిలింది. అతను చెప్పుకుపోతున్నాడు. "ఆ ఒక్క మాటేనండీ నా జీవితం. రాదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు ధైర్యం, వచ్చండి అనేశాను. ఇప్పటికీ ఏ వేషమైనా నా వల్ల కాదేమో అనిపిస్తే, అది గుర్తుచేసుకుంటాను. పోయినేడు డూపు లేకుండా నిజం సముద్రంలో దూకానండి. అప్పుడు కూడా అదే తలుచుకున్నాను."

నేను భయంతో అన్న మాట అతని దగ్గర ధైర్యమై ఇన్నాళ్ళు పనిచేసింది. దాన్ని ఇప్పుడు పెన్సిలు రాత చూపించి వెనక్కి తీసుకుని నేనేం చేసుకోను? నాకు దానితో దూకాల్సిన సముద్రమేదీ లేదు. ఇరవయ్యొక్కేళ్ళ ఆ బూత్ పిల్ల, మీట మీద వేలు నొక్కిపట్టుకుని, నిజం బయటపడుతుందేమోనని వణికిన పిల్ల, ఈ సంగతి వింటే ఏమనేదో అనుకుంటే నవ్వొచ్చింది. ఏమీ అనేది కాదు. గుమ్మంలో నిలబడేది. డైరీ వదిలేసి సంచి మూశాను.

బాబాయి తెచ్చిన కాఫీ నిలబడే తాగి, బయట జనం అరుస్తుంటే మండపేట కారు దాకా వెళ్ళాడు. ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, చిన్నపిల్లని ఓదార్చినట్టు తల పంకిస్తూ నాతో అన్నాడు:

"ఊరుకోండి, మీరు అబద్ధమాడటమేంటండీ! హలో అనడానికే వణికిపోయేవారు. అబద్ధమాడాలంటే ఎంత ధైర్యం కావాలి, మీవల్ల అవుతుందాండీ?"